ఉప్పు చూసే మనిషి



పులుసు దించే ముందు మా అమ్మ ఒక పని తప్పకుండా చేసేది. గరిటె కొసతో రెండు చుక్కలు తీసి, ఉఫ్ అని ఊది, దగ్గర్లో ఎవరుంటే వాళ్ళ అరచేతిలో వేసి "ఉప్పు చూడు" అనేది. చాలాసార్లు ఆ అరచెయ్యి నాదే. నాకప్పుడు ఏడెనిమిదేళ్ళు. పొయ్యి రాజెయ్యడం కూడా రాదు. పులుసులో బెల్లం ఎప్పుడు వెయ్యాలో, పిండి ఎప్పుడు కలపాలో అసలే తెలీదు. అయినా నేను నాలిక్కి రాసుకుని, పెద్ద తెలిసినవాడిలా కళ్ళు మూసుకుని, "కొంచెం తగ్గిందమ్మా" అంటే, ఆవిడ మారుమాట లేకుండా ఇంకో చిటికెడు వేసేది.

నన్ను మురిపించడానికి అలా అడుగుతోందని చాలాకాలం అనుకున్నాను. కాస్త పెద్దయ్యాక ఒకసారి అడిగేశాను, నీకు తెలీదా ఉప్పెంత వెయ్యాలో అని. "పొద్దుటినించీ ఈ సెగ దగ్గరే కూచుని, అదొకసారి ఇదొకసారి నోట్లో వేసుకుని, నా నాలిక మొద్దుబారిపోతుందిరా. నాకు అన్నీ సరిపోయినట్టే ఉంటాయి" అంది.

నాకు అన్నీ సరిపోయినట్టే ఉంటాయి. ఇవాళ నేను మాట్లాడబోయేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే.

ఇంకో మనిషి చేత దిద్దించుకోవడం గురించి చెప్పాలని వచ్చాను. ఇంగ్లీషు నుంచి వచ్చి మన నోట్లో నానిపోయిన మాట ఒకటుంది దీనికి, కోచింగ్ అని. కానీ ఆ మాట వినగానే మనకు గుర్తొచ్చేవి వేరే. డీఎస్సీకి అవనిగడ్డ, బ్యాంకు పరీక్షలకు నంద్యాల, గ్రూప్స్‌కు అశోక్‌నగర్, సాఫ్ట్‌వేరుకు అమీర్‌పేట. పెద్ద హాలు, మైకు, వందల తలకాయలు, వెనక బెంచీ వాడికి బోర్డు కనపడదు. ఆ చదువుల్ని నేను తక్కువ చెయ్యను. నా దగ్గర డిగ్రీ చదివిన పిల్లలు ఎంతోమంది అవనిగడ్డ వెళ్ళి వచ్చి టీచర్లయ్యారు. కాకపోతే అక్కడ పిల్లలందరూ మాస్టారిని చూస్తుంటారు. నేను చెప్పబోయే కోచింగ్‌లో మాస్టారు ఒక్క పిల్లవాణ్ణి చూస్తుంటాడు. చూపు ఎటునుంచి ఎటు వెళ్తోందన్నదే తేడా.

నన్ను అలా మొదటిసారి చూసిన మనిషి గురించి చెప్తాను. అది ఇలాంటి రేడియో స్టూడియోలోనే జరిగింది. ఇరవై ఏళ్ళ పైమాట. అప్పటికే కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పడం మొదలుపెట్టి పుష్కరం దాటింది. నా గొంతు మీద నాకు నమ్మకం ఎక్కువ. మైకు లేకుండా నూటయాభై మందికి వినపడేలా చెప్తానని పేరు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ తుపాను రాత్రి గురించి ప్రసంగం చెయ్యమన్నారు. మాది సముద్రానికి కొంచెం ఎడంగా ఉండే ఊరు. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. రాసుకున్నాను, వెళ్ళాను, ఎర్ర లైటు వెలిగింది, చదివేశాను. బాగా చదివాననే అనుకున్నాను.

అద్దం అవతల కూర్చున్న ప్రొడ్యూసరుగారు టాక్‌బ్యాక్‌లో అడిగారు: "మాస్టారూ, ఇంతకీ మీ ఊరి చెరువుగట్టు తెగిందా, తెగలేదా?"

"తెగలేదండీ. చదివాను కదా."

"మీరు చదివారు. నాకు వినపడలేదు."

ఆవిడ నాకంటే ఐదారేళ్ళు చిన్నదే అయి ఉంటుంది. పుస్తకాలు రాసిన మనిషి కాదు, ఉపన్యాసాలిచ్చిన మనిషీ కాదు. నాకు కొంచెం రోషం వచ్చిన మాట వాస్తవం. ఇన్నేళ్ళుగా తెలుగు చెప్పుకుని బతుకుతున్నవాణ్ణి, నాకు తెలుగు చదవడం నేర్పుతుందా అనుకున్నాను. ఆవిడ వాదించలేదు. రికార్డు చేసింది వెనక్కి తిప్పి వినిపించారు. "ఆ రాత్రి గాలికి కొబ్బరిచెట్లు వేళ్ళతో లేచిపోయినా, మా ఊరి చెరువుగట్టు మాత్రం తెగ..." అంతే. ఆ తర్వాత గాలి. "లేదు" అన్నది నా నోట్లోనే ఉండిపోయింది.

ఇంకో వాక్యం వినిపించారు. అదీ అంతే. ఇంకోటి. ప్రతి వాక్యం గట్టిగా మొదలై, మధ్యలో ఊపందుకుని, చివరికొచ్చేసరికి నీరుగారిపోతోంది. ఆవిడ అప్పుడొక మాట అన్నారు. "తెలుగులో క్రియ చివర వస్తుంది కదండీ. మీరు మింగేస్తున్నది క్రియని. వచ్చాడో రాలేదో, బతికాడో పోయాడో, అంతా అక్కడే ఉంటుంది."

వ్యాకరణం చెప్పేవాణ్ణి నేను. కర్త, కర్మ, క్రియ అని ఏటా బోర్డు మీద రాసేవాణ్ణి. ఆ క్రియనే ఏళ్ళ తరబడి తినేస్తూ వచ్చానన్న సంగతి నాకు తెలీదు. నా విద్యార్థులెవరూ చెప్పలేదు. ఎందుకు చెప్తారు? మొదటి బెంచీల వాళ్ళకు నా పెదాలు కనిపిస్తాయి, వెనక బెంచీల వాళ్ళకు ఎలాగూ పాఠం అక్కర్లేదు.

ఇందులో నా అజాగ్రత్త ఒక్కటే కాదు, శరీరం చేసే మాయ కూడా ఉంది. మన మాట మనకు రెండు దారుల్లో వినిపిస్తుంది. ఒకటి గాలి దారి, అందరి చెవులకూ చేరేది అదే. రెండోది ఎముకల దారి. గొంతులో పుట్టిన అదురు పుర్రె ఎముకల గుండా నేరుగా లోపలి చెవికి వెళ్తుంది, అదీ మంద్రంగా, నిండుగా. అందుకే మొదటిసారి తమ గొంతు రికార్డులో విన్నవాళ్ళందరూ "ఇది నేనేనా?" అని మొహం చిట్లిస్తారు. పెళ్ళి వీడియోలో మన మాట మనమే విని సిగ్గుపడటం అందరికీ అనుభవమే. నేను మింగేసిన "లేదు" నా పుర్రెలో చక్కగా మోగుతూనే ఉంది. బయటికే రాలేదు. మా అమ్మ నాలిక మొద్దుబారినట్టే, నా చెవి నాకే పనికిరాకుండా పోయింది.

తప్పు చూపించి ఊరుకుంటే ఆవిడ్ని విమర్శకురాలు అనేవాణ్ణి. ఆవిడ అక్కడ ఆగలేదు. నా కాగితాలు తీసుకుని, ఎర్ర పెన్నుతో ప్రతి వాక్యంలోనూ క్రియకు ముందు చిన్న నిలువు గీత పెట్టారు. "ఇక్కడ ఊపిరి తీసుకోండి. గొంతు పెంచొద్దు. మీ గొంతులో లోపం లేదు. వాక్యమంతా ఒకే ఊపిరి మీద లాగుతున్నారు, కొసకొచ్చేసరికి గాలి అయిపోతోంది." నేను అనుకున్న జబ్బు వేరు, ఉన్న జబ్బు వేరు. నన్ను నేనే దిద్దుకుని ఉంటే ఏం చేసేవాణ్ణి? ఇంకాస్త గట్టిగా అరిచి ఉండేవాణ్ణి.

ఆ తర్వాత సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దిద్దించుకున్న కథలు చెప్పేవాళ్ళు ఈ ముక్క దాచేస్తుంటారు. దిద్దుకోగానే నేను బాగుపడలేదు. పాడయ్యాను. తర్వాతి రెండు మూడు ప్రసంగాలు గీతలు చూసుకుంటూ, ఊపిరి లెక్కపెట్టుకుంటూ, రెండో తరగతి కుర్రాడు వాచకం చదివినట్టు చదివాను. మా బావగారు విని ఫోన్ చేసి, "ఏవోయ్, ఒంట్లో బాగాలేదా?" అని అడిగారు. పాత అలవాటు పోయి కొత్తది ఇంకా కుదురుకోని ఆ నడిమి రోజుల్లో ఎవరైనా వెనక్కి పారిపోతారు, పాత పద్ధతే నయం అనుకుని. నేనూ పారిపోయేవాణ్ణే. ఆవిడ ప్రతిసారీ అద్దం అవతలి నుంచి, "ఇవాళ ఆరు పోయాయండీ, పోయినసారి పదకొండు" అని లెక్క చెప్పేవారు. ఆ లెక్క పట్టుకునే నిలబడ్డాను. నేనొక్కణ్ణే ఉంటే నాకు చెడు చదువే వినపడేది. అది బాగుపడటానికి ముందు వచ్చే చెడు అని ఆవిడకే తెలుసు.

మన సంగీతం వాళ్ళు ఈ విషయం ఎప్పుడో కనిపెట్టారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి తండ్రి పట్టాభిరామయ్యగారు స్వయానా సంగీత విద్వాంసులు. కొడుకు చూస్తే పుట్టుకతోనే సరస్వతి నాలుక మీద కూర్చున్న పిల్లవాడు. అయినా ఆయన ఆ బిడ్డని తీసుకెళ్ళి పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారికి అప్పజెప్పారు. పంతులుగారు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారి శిష్యులు. అలా వెనక్కి వెళ్తే ఆ శిష్య పరంపర త్యాగరాజస్వామి దాకా వెళ్తుంది. ఇంట్లో విద్య ఉండగా బయటికి పంపడం ఎందుకు? ఇంటి చెవి కూడా అలవాటుపడిపోతుందనేమో. ఇది నా ఊహ మాత్రమే. కాదనడానికి ఉదాహరణ కూడా నేనే ఇస్తాను, వినండి.

గుడివాడలో పుట్టిన కోనేరు హంపికి చదరంగం నేర్పింది తండ్రి అశోక్‌గారే. కెమిస్ట్రీ లెక్చరరు. కూతురి ఆట కోసం ఉద్యోగం వదులుకున్నారు. 2002లో హంపి పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది. అప్పటిదాకా ఏ అమ్మాయీ అంత చిన్న వయసులో ఆ హోదా అందుకోలేదు. తర్వాత 2019లో ఒకసారి, 2024లో ఒకసారి ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. నన్ను ఆలోచనలో పడేసింది ఇంకో సంగతి. ఆమె ఆట తండ్రి ఆటను ఏనాడో దాటిపోయింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటే ఎవరు గెలుస్తారో అడగక్కర్లేదు. అలాంటప్పుడు ఆయన ఆమెకు ఏం చెప్పగలరు?

పులుసు రుచి చూసిన ఏడేళ్ళ కుర్రాడు ఏం చెప్పగలడో అది. కాకపోతే కుర్రాడు "తగ్గింది" అని మాత్రమే అంటాడు. కోచ్ ఎంత తగ్గిందో, ఎప్పుడు వెయ్యాలో కూడా చెప్తాడు. ఆట ఆడేవాడి కంటే బాగా ఆడాల్సిన పని ఆయనకు లేదు. ఆడేవాడు నిలబడలేని చోట ఆయన నిలబడి ఉంటే చాలు.

బ్యాడ్మింటన్‌లో ఈ సంగతి కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో పిల్లలకు ఆట నేర్పిన ఎస్.ఎం. ఆరిఫ్‌గారు ఆల్ ఇంగ్లండ్ గెలిచిన మనిషి కాదు. ఆయన దగ్గర ఆట దిద్దుకున్న పుల్లెల గోపీచంద్ 2001 మార్చిలో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ని ఓడించి ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. 1980లో ప్రకాశ్ పదుకోన్ గెలిచిన తర్వాత అప్పటిదాకా మనవాళ్ళెవరూ దాన్ని ముట్టుకోలేదు. మధ్యలో బెంగళూరు వెళ్ళి ప్రకాశ్ అకాడమీలోనూ గోపీచంద్ సానపట్టించుకున్నాడు. మోకాలికి ఆపరేషన్లు అయ్యాక ఇక ఆడడనుకున్న మనిషి.

అదే గోపీచంద్ 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో క్వార్టర్ ఫైనల్ కూడా చేరలేదు. ఆయన చేతిలో ఒలింపిక్ పతకం లేదు. ఆయన గచ్చిబౌలి అకాడమీలో ఆడిన సైనా నెహ్వాల్‌కు 2012 లండన్‌లో కాంస్యం, పి.వి. సింధుకు 2016 రియోలో రజతం వచ్చాయి. తనకు అందనిది ఇంకొకరికి అందించడం ఎలా కుదురుతుందని మొదట్లో నాకు వింతగా ఉండేది. టీవీలో మ్యాచ్‌లు చూడటం మొదలుపెట్టాక అర్థమైంది.

ఈసారి మీరు చూసినప్పుడు ఆటగత్తెను కాకుండా, కోర్టు వెనక వేసి ఉండే ఆ రెండు కుర్చీల్ని చూడండి. ర్యాలీ నడుస్తుండగా కోచ్ నోరు మెదపకూడదు. షటిల్ కింద పడ్డాకే మాట. 21 పాయింట్ల గేములో ఎవరో ఒకరు 11 చేరుకోగానే అరవై సెకన్ల విరామం. గేముకూ గేముకూ మధ్య రెండు నిమిషాలు. అంతే ఆయనకున్న వ్యవధి. ఆ అరవై సెకన్లలో సగం చెమట తుడుచుకోవడానికి, నీళ్ళు తాగడానికే పోతుంది. మిగిలిన అరనిమిషంలో ఎన్ని చెప్పొచ్చు? ఆయన కంటికి పది తప్పులు కనిపించి ఉంటాయి. తొమ్మిది మింగేసి ఒక్కటి చెప్పాలి. "గాలి అటునుంచి వస్తోంది, ఆ మూలకి పొడుగు కొట్టకు", "ఆమె కుడివైపు అలిసింది", అలాంటిదేదో ఒక్కటి. హాల్లో ఏసీ గాలికి షటిల్ ఎంత పక్కకు పోతోందో కోర్టులో పరిగెత్తేవాళ్ళ కంటే బయట కూర్చున్నవాళ్ళకు ముందు తెలుస్తుంది. నేను టీచరుగా ఆ తొమ్మిది మింగే విద్య ఎన్నడూ నేర్వలేదు. నా దగ్గరికి వచ్చిన ప్రతి వ్యాసం ఎర్ర సిరాతో తడిసి వెళ్ళేది. అంత ఎరుపులో ఆ పిల్లవాడికి ఏది ముందు దిద్దుకోవాలో ఎలా తెలుస్తుంది?

సింధు కథలో పతకం కంటే నాకు బాగా గుర్తుండిపోయినది ఒకటుంది. తర్వాతెప్పుడో గోపీచందే చెప్పిన సంగతి. ఆ అమ్మాయికి ఒడ్డూ పొడుగూ ఉంది, స్మాష్ ఉంది, ఓపిక ఉంది. చిన్నప్పుడు అకాడమీకి వచ్చి పోవడానికే రోజుకు 56 కిలోమీటర్లు తిరిగేదని పత్రికలు రాశాయి. తండ్రి రమణగారు 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన వాలీబాల్ జట్టులో ఆటగాడు. ఏమీ తక్కువ కాలేదు. ఒక్కటే లోపం, కోర్టులో మరీ మెత్తన. మంచి పిల్ల, నోరెత్తదు. మన ఇళ్ళల్లో అది గుణం. ఆమె కోచ్‌కు మాత్రం ఉప్పు తగ్గినట్టు అనిపించింది.

అందుకని ఒకరోజు ఆమెను కోర్టు నడిమధ్య నిలబెట్టి, చుట్టూ తోటి ఆటగాళ్ళూ కోచ్‌లూ చూస్తుండగా, గొంతు చించుకుని అరవమన్నాడు. రాకెట్టు పట్టడం కాదు, షటిల్ కొట్టడం కాదు. అరవడం. ఆ పిల్లకు నోరు పెగల్లేదు. ఏడ్చింది. ఆయన వదల్లేదు.

ఇది విన్నప్పుడు నాకు ముందు ఆ పిల్ల మీద జాలి వేసింది. ఇంకొకరైతే దీన్ని అవమానం అనేవారు. కొందరి చేతుల్లో నిజంగానే అవమానం అయ్యేది కూడా. కోచ్ పేరుతో పిల్లల్ని నలిపేసినవాళ్ళు లేరా? బెత్తంతో వీపు చిట్లగొట్టి, "నీ మంచికేరా" అన్నవాళ్ళని నా చదువుకునే రోజుల్లో నేనే చూశాను. రెంటికీ తేడా ఎక్కడుందో ఆలోచిస్తే భారతమే గుర్తొచ్చింది.

శల్య సారథ్యం అంటుంటాం మనం, పక్కనే ఉండి నీరసపరిచేవాళ్ళని. కర్ణుడికి రథం తోలిన శల్యుడు చేతకానివాడు కాడు. కృష్ణుడికి దీటైన సారథి అనే కదా దుర్యోధనుడు బతిమాలి తెచ్చుకున్నది. ఆయన కర్ణుడితో అన్నవాటిలో నిజాలూ ఉన్నాయి. నువ్వు అర్జునుడికి సరిపోవన్నాడు, గొప్పలు మానమన్నాడు. హంసతో పందెం వేసి సముద్రంలో పడబోయిన కాకి కథ చెప్పాడు. కానీ కర్ణుడి తేజస్సు తగ్గిస్తానని యుద్ధానికి ముందే ధర్మరాజుకు మాట ఇచ్చి వచ్చి కూర్చున్నాడు ఆ నొగల మీద. ఆ నిజాలన్నీ కర్ణుడు ఓడిపోవడానికి చెప్పిన నిజాలు. సింధును ఏడిపించిన మనిషి ఆమె గెలవాలని తెల్లవారుజామున నాలుగున్నరకల్లా ఆ కోర్టు దగ్గర ఉండేవాడు. రియోకు ముందు మూడు నెలలు ఆమె ఫోను లాగేసుకున్నాడు. ఇష్టమైన తీపి పెరుగు, ఐస్‌క్రీము మాన్పించాడు. పతకం చేతికొచ్చాక, ఇక ఫోను ఇచ్చేస్తాను, ఐస్‌క్రీము తిననిస్తాను అన్నాడు. కఠినమే. కానీ ఆ కాఠిన్యం ఎవరి పక్షమో ఆ అమ్మాయికి తెలుసు.

భారతం ప్రస్తావన వచ్చింది కాబట్టి ఏకలవ్యుణ్ణి కూడా తలుచుకోవాలి. మనిషి దగ్గర నేర్వక్కర్లేదు, మట్టిబొమ్మ పెట్టుకుని సాధన చేసినా చాలు అనేవాళ్ళకు ఆయనే సాక్ష్యం. ఏకలవ్యుడి పట్టుదలకు దణ్ణం పెట్టాల్సిందే. అయితే ఆ బొమ్మ ఒక్కనాడూ "మోచెయ్యి కొంచెం దించు నాయనా" అని ఉండదు. తన తప్పు తనే పట్టుకుని తనే దిద్దుకున్న వాడు ఆయన, కోట్లలో ఒకడు. సజీవంగా ఉన్న ద్రోణుడు ఆయన దగ్గరికి వచ్చింది ఒక్కసారే, అదీ బొటనవేలు అడగడానికి. మన దేశంలో 1985 నుంచి కోచ్‌లకు ఇచ్చే పురస్కారం ఆ ద్రోణుడి పేరు మీదే ఉంది. ఆరిఫ్, గోపీచంద్, కోనేరు అశోక్ ముగ్గురూ అందుకున్నారు. ఆ పేరు ఎవరు పెట్టారో కానీ, బొటనవేలు సంగతి ఒక్క క్షణం ఆలోచించి ఉండాల్సింది.

నాకు ఫోను కూడా ఒక మట్టిబొమ్మలాగే కనిపిస్తుంది. కరోనా రోజుల్లో నడుం నొప్పికని వీడియో చూసి ఆసనాలు మొదలుపెట్టాను. వీడియోలో అమ్మాయి ఎంతో శ్రద్ధగా చెప్పింది, తప్పు ఆమెది కాదు. ఆమెకు నేను కనపడను కదా. రెండు నెలలకు నడుం నొప్పి అలాగే ఉంది, మోకాలి నొప్పి అదనంగా వచ్చింది. ఫిజియోథెరపీ చేసే కుర్రాడు నన్ను నిలబెట్టి చూసి, రెండు వేళ్ళతో మోకాలిని అంగుళం బయటికి జరిపాడు. "ఇంతేనండీ" అన్నాడు. ఆ అంగుళం ఏ వీడియోలోనూ లేదు.

ఇక ఒక్కరి దగ్గరే జీవితాంతం దిద్దించుకోవాలా అంటే, అదీ లేదు. సైనా 2014లో గోపీచంద్‌ని వదిలి బెంగళూరులో విమల్ కుమార్ దగ్గరికి వెళ్ళింది. మరుసటేడు ప్రపంచ నంబర్ వన్ అయింది, 2017లో తిరిగి వచ్చింది. 2019లో బాసెల్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో సింధు జపాను అమ్మాయి ఒకుహరాను 21-7, 21-7 తేడాతో ఊడ్చేసినప్పుడు, ఆమె ఆటలో కొరియా కోచ్ కిమ్ జి హ్యున్ చెయ్యి కూడా ఉంది. టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచినప్పుడు కుర్చీలో ఉన్నది ఇంకో కొరియా ఆయన, పార్క్ తే సాంగ్. ఈ మార్పులప్పుడల్లా మన పత్రికల్లో, అరుగుల మీద, కృతజ్ఞత లేదని ఒక గోల. నాకైతే అందులో తప్పు కనపడదు. ఒకే నాలిక రోజూ ఉప్పు చూస్తే అదీ మొద్దుబారుతుంది.

ఆటల గురించే చెప్తున్నానని మిగతావాళ్ళు తప్పించుకోకండి. మన దగ్గర ఒక చిత్రం ఉంది. దిద్దడం పిల్లలకే అనుకుంటాం. ఉద్యోగం వచ్చి, పెళ్ళయ్యాక, మనల్ని దిద్దే మనిషి ఉండడు. అధికారి ఉంటాడు, ఆయన మెమోలు ఇస్తాడు. భార్యో భర్తో ఉంటారు, వాళ్ళు చెప్తే వినం. మొన్నామధ్య రిటైరయ్యే ఏడాది నేనొక సాహసం చేశాను. మా డిపార్టుమెంటులో కొత్తగా చేరిన లెక్చరరమ్మని పిలిచి, "ఒక పీరియడు నా క్లాసులో వెనక కూర్చోమ్మా, నా పాఠంలో ఏం బాగాలేదో చెప్పు" అన్నాను. పాపం హడలిపోయింది. "అయ్యో, మీకు నేను చెప్పడమేంటి సార్" అంది. బలవంతం మీద కూర్చుంది. బయటికొచ్చాక చాలాసేపు నసిగి, "సార్, మీరు ప్రశ్నలు చాలా బాగా అడుగుతారు. కానీ జవాబు కూడా మీరే చెప్పేస్తున్నారు. వాచీ చూశాను. ఏ ప్రశ్నకూ మూడు సెకన్లు ఆగలేదు" అంది.

మూడు సెకన్లు! ఇన్నేళ్ళు నా విద్యార్థులకు జవాబులు రావనే అనుకుంటూ వచ్చాను.

మర్నాడు ప్రశ్న అడిగి నోరు మూసుకుని నిలబడ్డాను. పది సెకన్లు ఎంత పొడుగో, టీచరై చూస్తే తెలుస్తుంది. ఫ్యాను చప్పుడు వినిపించింది. ఎవరో పెన్ను పడేశారు. ఎప్పుడూ మాట్లాడని కిటికీ పక్క కుర్రాడు గొంతు సవరించుకున్నాడు. వాడు చెప్పిన జవాబు తప్పే. అయినా వాడి గొంతు ఎలా ఉంటుందో మూడేళ్ళలో అదే మొదటిసారి విన్నాను. ఆ లెక్చరరమ్మని నేను చేరిన కొత్తల్లోనే పిలిచి ఉంటే బాగుండేది. అప్పటికి ఆమె పుట్టి ఉండదు, అది వేరే సంగతి.

మొదట నాకు గీతలు పెట్టిన ప్రొడ్యూసరుగారు ఎప్పుడో ఉద్యోగం మానేశారు. ఆవిడ పద్ధతి నేను మానలేదు. ఇవాళ్టి నా కాగితాల్లోనూ క్రియకు ముందు ఎర్ర గీతలున్నాయి. ఇప్పుడు అద్దం అవతల కూర్చున్నది నా కొడుకు వయసు కుర్రాడు. మొదలుపెట్టే ముందే అతనితో చెప్పాను, మొహమాటపడకు నాయనా, మింగేస్తే చెయ్యి ఎత్తు అని. ఇప్పటికి నాలుగుసార్లు ఎత్తాడు. మీకు తెలీకుండా ఆ ముక్కలు మళ్ళీ చదివాను.

సింధు సంగతి సగంలో వదిలేశాను. ఆ రోజు కోర్టు మధ్యలో ఏడ్చిన పిల్ల 2016 ఆగస్టులో రియోలో ఆడింది. సెమీఫైనల్లో ఒకుహరా మీద మొదటి గేము 21-19తో గట్టెక్కి, రెండోది 21-10తో చుట్టేసింది. ఫైనల్లో స్పెయిన్ అమ్మాయి కరోలినా మారిన్ చేతిలో ఓడింది, మొదటి గేము గెలుచుకున్నాక. ఆ మ్యాచ్‌లు మా ఇంట్లో అందరం టీవీ ముందు కూర్చుని చూశాం. పాయింటు గెలిచినప్పుడల్లా పిడికిలి బిగించి, హాలు దద్దరిల్లేలా, ఆ అమ్మాయి అరి...

చెయ్యి లేచింది. ఐదోసారి. సరే, మళ్ళీ చదువుతాను.

హాలు దద్దరిల్లేలా, ఆ అమ్మాయి అరిచింది.